అరికాలికీ ఒక దీక్ష

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ రాయి ఎంత గట్టిదైనా లోపల పొరలు పొరలుగా ఉంటుంది. పొర అంచు చూసి ఉలి పెట్టి కొడితే రేకులా విడిపోతుంది. మనిషి అరికాలి చర్మానికీ దాదాపు ఇదే గుణం. శివరాత్రి దగ్గర పడే కొద్దీ ఈ ఊరి మీదుగా దోర్నాల వైపు సాగిపోయే పాదయాత్రికుల కాళ్ళలో జరిగేది కూడా ఇదే. చర్మం పైపొర చెప్పుకో, మేజోడుకో, తారు రోడ్డుకో అతుక్కుని ఒక్క క్షణం ఆగుతుంది. లోపలి ఎముక మాత్రం శరీరం బరువుతో ముందుకు జరుగుతుంది. ఆ లాగుడు వేల సార్లు పడ్డాక మధ్య పొర చీలుతుంది, చీలికలోకి నీరు ఊరుతుంది. దాన్నే బొబ్బ అంటాం. మార్కాపురం నుంచి దోర్నాల సుమారు 30 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి శ్రీశైలం మరో 50. అడుగుకు 70 సెంటీమీటర్లు వేసుకున్నా లక్షా పదిహేను వేల అడుగులు తేలతాయి. అంటే ఒక్కో పాదం మీద ఉలి యాభై ఏడు వేల సార్లు పడుతుంది. గిద్దలూరు నుంచి కంభం, బేస్తవారిపేట మీదుగా వచ్చేవాళ్ళకైతే మార్కాపురం చేరకముందే మరో 60 కిలోమీటర్లు నడిచినట్టు. ఇంత పని చేయబోయే అవయవానికి బయలుదేరే రోజు పొద్దున దాకా మనం ఏ ఏర్పాటూ చేయం. మాల వేసుకున్న రోజు నుంచి నోటికి నియమం, నిద్రకు నియమం, మాటకు నియమం ఉంటాయి. కాలికి ఉన్నది ఒక్కటే, చెప్పులు వేసుకోకూడదని. ఆ ఒక్కదాన్ని కూడా మనం అక్షరాలా పాటించి అర్థం వదిలేశామని నా వాదన.

మండల దీక్ష అంటే 41 రోజులు. ఇది ఎవరు ఏ లెక్కన పెట్టారోగానీ, సుదూర నడకకు శరీరాన్ని సిద్ధం చేయడానికి కావలసిన వ్యవధికి బాగా దగ్గరగా ఉంది. రోజూ వట్టి కాళ్ళతో నేల మీద నడిస్తే కొద్ది వారాల్లో అరికాలి చర్మం మందమవుతుంది. పిక్కలు, తొడలు దాదాపు అదే కాలంలో గట్టిపడతాయి. ఎముక సంగతి వేరు. కొత్త భారం పడగానే అది ముందు పాత భాగాన్ని కొంత తొలగించుకుని, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. ఇల్లు బాగుచేయడానికి ముందు పాత గోడ కూల్చడం లాంటిది. అందుకే సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ మొదలైన కొన్ని వారాల్లో, సరిగ్గా ఎముక బలహీనంగా ఉన్న సమయంలో, పాదంలో సన్నని పగుళ్ళు వస్తాయి. 1855లోనే ఒక ప్రష్యా సైనిక వైద్యుడు, బ్రైట్‌హాప్ట్, కవాతు చేసే సిపాయిల పాదాల వాపును వర్ణించాడు. తర్వాత ఎక్స్‌రేలు వచ్చాక అది ఎముక పగులని తేలింది. ఇప్పటికీ దాన్ని కవాతు పగులనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. దీన్నుంచి యాత్రికుడు నేర్చుకోవాల్సింది సులువే. మొదటి వారం రోజుకు మూడు నాలుగు కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారం వారం కొద్దిగా పెంచుతూ, మూడో నాలుగో వారంలో కాస్త తగ్గించి, చివరి పది రోజుల్లో ఒకసారి 20 కిలోమీటర్లు ఏకబిగిన నడవగలిగితే చాలు. తీరా మనం చేస్తున్నదేమిటి? మాల మెడలో, చెప్పులు ఇంట్లో, కాళ్ళు మోటారు సైకిలు పెడల్ మీద. వట్టి కాళ్ళ నియమం పాటించినట్టే లెక్క గానీ పాదం నేల మీద ఆనింది ఇంటి గడప నుంచి బండి దాకానే. 41 రోజులు గడిచాక కూడా ఆ అరికాలు మొదటి రోజు ఎలా ఉందో అలాగే మెత్తగా ఉంటుంది.

దీనికి మొదట వచ్చే జవాబు, పూర్వం వాళ్ళు ఇవన్నీ చూసుకున్నారా అని. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. ఆ దారిన శతాబ్దాలుగా జనం నడిచారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణాన్నే శ్రీపర్వతానికి, అంటే శ్రీశైలానికి కేటాయించాడంటే ఆ యాత్ర అప్పటికే ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. అయితే పూర్వం వాళ్ళు కాళ్ళ సంగతి పట్టించుకోలేదనడం చరిత్రకు నిలవదు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. రాజు కీర్తికి ఎన్నో మార్గాలుండగా యాత్రికుడి మోకాలి మీద డబ్బు ఖర్చు పెట్టాడంటే, అప్పటి నడకలో ఎవరి కాళ్ళు ఏమవుతున్నాయో తెలిసే పెట్టి ఉంటాడు. తెలుగు యాత్రా రచనకు ఆద్యుడనదగిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో నల్లమల దాటి మల్లికార్జునుణ్ణి చూశాడు. ఆయన కాశీయాత్రలో చాలా దూరం కదిలింది బోయీల కాళ్ళ మీద. కలిగినవారు పల్లకీ ఎక్కారు, లేనివారు నడిచారు, మధ్యలో కాళ్ళు పోయినవారి మాట ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. తిరిగొచ్చినవాళ్ళను చూసి అందరూ సుఖంగానే నడిచారనుకోవడం మన పొరపాటు.

రెండో సంగతి, ఆ కాలం పాదమూ వేరు, నేలా వేరు. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరిగిన అరికాలు తోలు లాంటిది. ఇవాళ యర్రగొండపాలెం, దోర్నాల అడవుల్లోని చెంచు గూడేల్లో పెద్దవాళ్ళ పాదాలను చూస్తే ఆ తేడా అర్థమవుతుంది. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కెన్యాలో చెప్పులు వేసుకునేవాళ్ళనూ వేసుకోనివాళ్ళనూ పోల్చి చూసింది. వట్టి కాళ్ళవాళ్ళ అరికాలు మందంగా, గట్టిగా ఉన్నా స్పర్శ జ్ఞానం ఏమాత్రం తగ్గలేదు. అంటే ఒళ్ళే తయారు చేసుకున్న చెప్పు, మనం కొనుక్కునే చెప్పు కంటే ఒక విషయంలో మెరుగు. కాకపోతే దాన్ని కొనలేం, ఒక్క వారంలో పెంచుకోనూ లేం. ఇక నేల సంగతి. పాత దారి మట్టి, ఆకు, రాయి. రాయి గుచ్చుకుంటుంది గానీ ప్రతి అడుగూ పాదాన్ని ఒక్కో కోణంలో పెట్టిస్తుంది కాబట్టి భారం ఒకే చోట పడదు. తారు రోడ్డు అలా కాదు. అది సమతలం, గట్టిది, పైగా అంచుల వైపు వాలుగా ఉంటుంది. రోజంతా ఒకే పక్కన నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది. తుంటి, మోకాలి బయటి వైపు నొప్పులకు ఇదీ ఒక కారణం కావచ్చు. మధ్యమధ్య రోడ్డు పక్క మట్టి మీదికి దిగి నడవడం పిచ్చి పని కాదు.

తారు రోడ్డుకు వేడి కూడా ఉంది. మన దగ్గర ఏ బొబ్బ వచ్చినా వేడి చేసిందంటాం. నిజానికి ఇవి రెండు వేర్వేరు దెబ్బలు. ఒకటి రాపిడి, రెండోది కాలడం. మాఘ బహుళ చతుర్దశి నాటికి పశ్చిమ ప్రకాశంలో మధ్యాహ్నపు ఎండ గట్టిగానే తగులుతుంది. ఉగాది నాటికైతే చెప్పనక్కర్లేదు. గాలి కంటే తారు ఎప్పుడూ చాలా ఎక్కువ కాగుతుంది. 60 డిగ్రీల ఉపరితలానికి ఆనించి ఉంచితే చర్మం కొద్ది సెకన్లలో కాలిపోతుంది. నడిచేవాడి పాదం ప్రతిసారీ సెకను లోపే లేస్తుంది కాబట్టి అంత వెంటనే కాలదు గానీ, వేడి లోపల పోగవుతూనే ఉంటుంది. దీనికి విరుగుడుగా రోడ్డు మీద నీళ్ళు చల్లే పుణ్యాత్ములు ఉన్నారు. వాళ్ళ మనసు గొప్పదే. కానీ తడిసిన చర్మం మెత్తబడి, ఇంకా ఎక్కువ అతుక్కుని, ఇంకా తొందరగా చీలుతుంది. కాలకుండా కాపాడిన నీళ్ళే రాపిడికి దారి తీస్తాయి. కాబట్టి దాతలకు ఒక మనవి. రోడ్డు తడపడం కంటే 11 నుంచి 4 దాకా నడక ఆపించే పందిరి వేయడం మేలు. మైదానంలో తెల్లవారుజామునా సాయంత్రమూ నడవచ్చు. దోర్నాల దాటాక ఆ వెసులుబాటు ఉండదు. అది పులుల అభయారణ్యం, మామూలు రోజుల్లో రాత్రిళ్ళు వాహనాలనే ఆపేస్తారు. కనుక అడవిలోకి అడుగుపెట్టేటప్పటికి కాళ్ళు తాజాగా ఉండాలంటే దోర్నాలలో ఒక పూట పూర్తి విశ్రాంతి లెక్కలో వేసుకోవాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. మైదానంలో ఉత్సాహంగా 30 కిలోమీటర్లూ ఒక్క రోజులో లాగించి, కుంటుకుంటూ ఘాట్ ఎక్కుతారు.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటి. నొప్పి పడటమే కదా మొక్కు, సుఖంగా నడిస్తే పుణ్యమెక్కడిది అని. దీన్ని ఎగతాళి చేయడం నాకిష్టం లేదు. కష్టపడి చేరుకున్న చోటుకు విలువ ఎక్కువని భక్తులే కాదు, కొండలెక్కేవాళ్ళంతా చెబుతారు. కానీ అలసట వేరు, గాయం వేరు. నొప్పి అంటే ఏమిటో లోకానికి గట్టిగా చెప్పినవాడు మన పక్కనే, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన పాల్ బ్రాండ్. కుష్ఠు రోగుల పాదాలు వ్యాధి వల్లే రాలిపోతాయని అప్పటిదాకా నమ్మేవారు. స్పర్శ పోయి నొప్పి తెలియక, రాయి గుచ్చుకున్నా నడుస్తూ పోవడం వల్ల ఆ పాదాలు పాడవుతున్నాయని ఆయన చూపించాడు. అలాంటి పాదాల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తని రబ్బరు చెప్పుల్నే మన ఆసుపత్రుల్లో ఎంసీఆర్ చెప్పులంటారు. నొప్పి ఒంటికి కాపలాదారు. మొక్కు పేరుతో కాపలాదారు నోరు నొక్కడం తపస్సు అనిపించుకోదు. ఆ పని ఇప్పుడు మందుల దుకాణంలో ఇంకా సులువైంది. ఒక నొప్పి బిళ్ళ వేసుకుని నడిచేస్తున్నారు. నీళ్ళు సరిగ్గా తాగకుండా ఎండలో నడుస్తూ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మింగితే మూత్రపిండాలకు ముప్పు. తప్పనిసరైతే పారాసెటమాల్ నయం, అదీ రాత్రి విశ్రాంతి వేళ. బిళ్ళ మింగి ఆ వెంటనే లేచి నడవడం మాత్రం వద్దు.

బ్రాండ్ చెప్పిన మాట మధుమేహం ఉన్నవాళ్ళకు మరీ వర్తిస్తుంది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని అంచనా వేసింది. వాళ్ళలో ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళకు అరికాలు మొద్దుబారి ఉండవచ్చు, అది వాళ్ళకే తెలియకపోవచ్చు. వట్టి కాళ్ళ నియమం వీళ్ళకు వర్తించకూడదు. ఇందులో రాజీ లేదు. ఉపవాసం విషయంలో రోగికి, బాలింతకు, వృద్ధుడికి మినహాయింపు ఇచ్చిన సంప్రదాయం మనది. పాదం విషయంలో ఇవ్వకపోవడానికి కారణం కనిపించదు. ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన మరో మినహాయింపు ఉంది, ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలో మొదట వివరించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా రోగుల్ని చూసి. పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని కనిగిరి, పొదిలి 1970 దాకా ఆ జిల్లాలోవే. ఫ్లోరైడ్ నీళ్ళు దశాబ్దాలు తాగిన ఎముక చూడటానికి చిక్కగా కనిపిస్తుంది గానీ పెళుసుగా ఉంటుంది, కీళ్ళు బిగుసుకుపోతాయి. అటువంటి మోకాళ్ళతో 80 కిలోమీటర్లు నడుస్తానంటే, ముందు ఎముకల వైద్యుడికి చూపించుకోమనడం భక్తికి అడ్డు చెప్పడం అవ్వదు. వయసుతో వచ్చే నొప్పులే అనుకుని సర్దుకుపోవడం ఈ నేల మీద మరీ ప్రమాదం.

మాల వేసుకోనివాళ్ళు, చెప్పులతో నడిచేవాళ్ళు చేసే తప్పు వేరు. వీళ్ళు బయలుదేరే ముందు రోజు కొత్త బూట్లు కొంటారు. రోజంతా నడిస్తే పాదం ఉబ్బుతుంది కాబట్టి బూట్లు సాయంత్రం పూట కొనాలి, బొటనవేలి ముందు ఒక వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి, కనీసం నెల రోజులు వాడి ఉండాలి. గోళ్ళు నాలుగు రోజుల ముందే, మూలలు లోపలికి తవ్వకుండా అడ్డంగా కత్తిరించుకోవాలి. తడిని లాగే మేజోళ్ళు రెండు జతలు, ఒకటి కాలికి, ఒకటి సంచికి ఆరేసి. ఇక రాపిడి తగిలే చోట్లు, అంటే మడమ వెనుక, బొటనవేలి పక్క, వేళ్ళ మొదళ్ళు, ఎవరివి వాళ్ళకు తెలుస్తాయి. అక్కడ ముందే కాగితపు టేపు వేసుకోవాలి. మందుల దుకాణంలో మైక్రోపోర్ అని అడిగితే ఇస్తారు, కొన్ని పదుల రూపాయల్లో వస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులు 2016లో ప్రచురించిన పరీక్షలో, 250 కిలోమీటర్ల బహుళ దిన పరుగులో పాల్గొన్న 128 మందికి ఈ టేపు వేసి చూశారు. వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయి. చెమట పట్టకుండా పాదాలకు మందు పూసి అమెరికా సైనిక క్యాడెట్లను 21 కిలోమీటర్లు నడిపించిన మరో పరీక్షలో, పూయనివాళ్ళలో 48 శాతం మందికి బొబ్బలొస్తే పూసినవాళ్ళలో 21 శాతానికే వచ్చాయి. కాకపోతే పూసినవాళ్ళలో సగానికి పైగా చర్మం మంటపెట్టింది. అందుకే నా ఓటు చవకైన టేపుకే. గోరింటాకు సంగతి అడిగేవాళ్ళుంటారు. అరికాళ్ళకు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, పెట్టుకోండి. దాన్ని నమ్మి సాధన మానేయకండి. ఆముదం, వాజలీను రాత్రి పగుళ్ళకు మంచివి. తొడలు ఒరుసుకునే చోట పగలు కూడా పూసుకోవచ్చు.

శిఖరేశ్వరం దగ్గర ఒక విచిత్రం జరుగుతుంది. సముద్ర మట్టానికి 2,800 అడుగుల పైచిలుకు ఎత్తున నిలబడి ఆలయ శిఖరం చూస్తే పునర్జన్మ లేదంటారు. ఆ ఆనందంలో, ఇంక ఎనిమిది కిలోమీటర్లే కదా అని జనం దిగుడులో వేగం పెంచుతారు. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడకపోయినా మోకాలి చిప్ప క్షేమంగానే ఉంటుంది. దాని మీద నిజమైన భారం దిగేటప్పుడు పడుతుంది. తొడ కండరం సాగుతూనే బరువును ఆపాల్సి వస్తుంది, ఆ పనిలో దాని నారలు దెబ్బతింటాయి. ఒకటి రెండు రోజుల తర్వాత మెట్లు దిగలేకపోవడానికి కారణం అదే. వేళ్ళు బూటు ముందు భాగానికి గుద్దుకుని గోళ్ళు నల్లబడేదీ అప్పుడే. చిన్న అడుగులు, కాస్త వంగిన మోకాళ్ళు, చేతిలో కర్ర ఉంటే చాలు. కర్ర ముసలితనానికి గుర్తని సిగ్గుపడే కుర్రకారుకు చెప్పేదొకటే. దిగుడులో మోకాలి మీద భారాన్ని కర్ర చెప్పుకోదగినంత తగ్గిస్తుందని కొలిచి చూసినవాళ్ళున్నారు.

అయినా దారిలో శిబిరాలున్నాయి కదా, కట్టు కడతారు కదా అనేది చివరి మాట. ఉన్నాయి, సేవ చేసేవాళ్ళకు దణ్ణం పెట్టాలి. కానీ 20వ కిలోమీటరులో వచ్చిన బొబ్బకు కట్టు కట్టించుకుని మిగతా 60 నడిస్తే, నడక తీరు మారి రెండో కాలి మడమ, నడుము కూడా పోతాయి. చర్మం కాస్త మండినట్టు అనిపించగానే అక్కడే కూర్చుని టేపు వేసుకునే ఐదు నిమిషాలే అసలు వైద్యం. గుంపు వెళ్ళిపోతుందన్న తొందర ఆ ఐదు నిమిషాలను మింగేస్తుంది. అన్నీ చేసినా బొబ్బ వస్తే, చిన్నదైతే ముట్టుకోవద్దు. పెద్దదై, అడుగు వేయనీయకపోతే, సబ్బుతో కడిగి, మందుల దుకాణంలో దొరికే కొత్త సూదితో అంచున గుచ్చి నీరు తీసి, పై పొరను అలాగే ఉంచి, శుభ్రమైన గుడ్డ కట్టాలి. మొదటి రోజు రెండు మూడు సార్లు నీరు తీయాల్సి రావచ్చు. ఆ పై పొర కంటే మంచి కట్టు ఏ దుకాణంలోనూ దొరకదు. సూదికి దారం ఎక్కించి దారాన్ని లోపలే వదిలేసే అలవాటు మాత్రం మానాలి. నీరు బయటికి వచ్చే దారిలోనే మురికి లోపలికి పోతుంది. బూడిద, పేస్టు, పెట్రోలు వద్దు. మధుమేహం ఉన్నవాళ్ళు సొంతంగా గుచ్చుకోకూడదు. ముల్లు దిగినా, తగరం ముక్క కోసినా ధనుర్వాతం సూది మందు సంగతి చూసుకోవాలి. బొబ్బ చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, గజ్జల్లో బిళ్ళ కట్టినా, జ్వరం వచ్చినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, పాదంలో ఎముక మీద ఒకే చోట వేలు పెడితే ప్రాణం పోయినట్టున్నా, మూత్రం టీ రంగులో వచ్చినా యాత్ర అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. దోర్నాల దాటాక శ్రీశైలం దాకా అడవే కాబట్టి ఈ నిర్ణయం ఆ ఊళ్ళోనే తీసుకోవడం మంచిది. అక్కడ బస్సెక్కినవాణ్ణి మల్లన్న వెనక్కి పంపిన దాఖలా లేదు.

ఈసారి మాల వేసుకునే రోజున గురుస్వామి చెప్పే నియమాల్లో రెండు చేర్చమని అడగండి. పొద్దున పూజకు ముందో తర్వాతో వట్టి కాళ్ళతో ఒక గంట మట్టి దారిన నడవడం ఒకటి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోవడం రెండోది. వంగలేనివాళ్ళు నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. చూపు ఆననివాళ్ళకు ఇంట్లో మనవడో మనవరాలో చూసి చెబుతారు.